తెలుగు ఫైల్ పేర్లు, మొండి కన్వర్టర్లు: ఫ్రీయాక్ వాడి చెబుతున్న మాట

మాది ఒడిశాలోని పర్లాకిమిడి. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, కాబట్టి మా కంప్యూటర్‌లో ఫైళ్ల పేర్లూ రెండు లిపుల్లో ఉంటాయి. నాన్న క్యాసెట్ల నుంచి ఎక్కించిన హరికథలు వేవ్ ఫార్మాట్‌లో, పాత సీడీల పాటలు డబ్ల్యూఎంఏలో, అమ్మ ఫోన్లో రికార్డు చేసుకున్న జగన్నాథుడి జణాణాలు (ఒడియా భక్తి పాటలు) ఎం4ఏలో ఉన్నాయి. పెన్‌డ్రైవ్ స్పీకర్‌కి అవన్నీ ఎంపీ3 చెయ్యాలి.

ముందు వాడిన కన్వర్టర్ పేరెందుకు గానీ, ఇంగ్లిష్ పేరున్న ఫైలైతే గబగబా మార్చేసేది. తెలుగు పేరు కనిపిస్తే చాలు, ఫైల్ తెరవలేనని మొండికేసేది. కోడెక్ (ఆ ఫార్మాట్‌ని చదివే భాగం) లేదేమోనని అందరూ అదీ ఇదీ దించుకుంటారు. గొడవ అక్కడ కాదు. యూనికోడ్ (అన్ని లిపులకీ కలిపి ఉన్న అక్షర సంకేతాల పద్ధతి) తెలియని పాత ప్రోగ్రాములు విండోస్‌లో అక్షరాల్ని పాత కోడ్ పేజీ, అంటే కొన్ని లిపులకే సరిపోయే చిన్న అక్షరాల పట్టిక, ప్రకారం చదువుతాయి. తెలుగుకీ ఒడియాకీ అలాంటి పేజీ లేదు, అందుకే ప్రతి అక్షరమూ ప్రశ్నార్థకం అయిపోతుంది. విండోస్‌లో ఫైల్ పేరులో ప్రశ్నార్థకం పెట్టడమే కుదరదు. పాపం ఆ ప్రోగ్రాము, ఉండే అవకాశమే లేని ఫైలు కోసం వెతుకుతుంది!

అనుమానం ఉంటే ఆ ఫైలుని సీ డ్రైవ్‌లో ఇంగ్లిష్ పేరున్న ఫోల్డర్‌లోకి కాపీ చేసి, ఏ.వేవ్ అని పేరు మార్చి నడిపి చూడండి. నడిస్తే దోషం పేరుదే. ఫోల్డర్ పేరు తెలుగులో ఉన్నా ఇదే తంటా.

ఫ్రీయాక్ (fre:ac) అనే కన్వర్టర్‌కి మారాక ఈ టెన్షన్ పోయింది. ఫ్రీ ఆడియో కన్వర్టర్ అన్నదానికి పొట్టిపేరు అది. ఉచితం, ఓపెన్ సోర్స్. చూడ్డానికి పాతకాలపు ఆఫీసు సాఫ్ట్‌వేర్‌లా ఉంటుంది, నాకేం అభ్యంతరం లేదు. తెలుగు, ఒడియా పేర్లు చెక్కుచెదరవు. ఫోల్డర్ మొత్తం లాగి పడేసి వంటింట్లోకి వెళ్లిపోవచ్చు.

హరికథకి 64 కేబీపీఎస్ (సెకనుకి ఎన్ని కిలోబిట్లో చెప్పే కొలత) మోనో చాలు. గంట కథ స్టీరియో వేవ్‌లో 600 ఎంబీ దాటుతుంది, ఇలా చేస్తే 30 లోపు వస్తుంది. పాటలకి 192 పెడతాను. 128లో ఉన్న డబ్ల్యూఎంఏని 320 ఎంపీ3 చేస్తే సైజు పెరుగుతుందే తప్ప పోయిన నాదం తిరిగి రాదు. కాపీ చెయ్యకుండా డిజిటల్ తాళం (డీఆర్ఎం) వేసి అమ్మిన పాత డబ్ల్యూఎంఏలు మాత్రం దీనితోనూ మారవు.

ఎండాకాలం కరెంటు సంగతి వేరే చెప్పాలా? ఫైలు మారుస్తుండగా మధ్యలో పోతే ఎంపీ3 అక్కడిదాకా అయినా వినిపిస్తుంది. ఎం4ఏ అసలు తెరుచుకోకపోవచ్చు, ఎందుకంటే దాని సూచిక సాధారణంగా చివర్లో రాస్తారు. ఒరిజినల్‌ని తుడిచేసే ముందు కొత్త ఫైలు చివరి నిమిషం విని చూడండి.

ఇంతా చేశాక పెన్‌డ్రైవ్‌ని స్పీకర్ గుర్తించకపోతే పెన్‌డ్రైవ్ ఎఫ్ఏటీ32 అనే పద్ధతిలో ఫార్మాట్ అయి ఉందో లేదో చూసుకోండి. ఎన్టీఎఫ్ఎస్ అయితే చాలా స్పీకర్లు చదవవు. స్పీకర్ తెర మీద తెలుగు పేర్లకి బదులు గళ్లు కనిపిస్తే అందులో తెలుగు ఫాంట్ లేదన్నమాట, కన్వర్టర్‌ని తిట్టకండి. నాన్న కోసం పేర్ల ముందు 01, 02 అని అంకెలు వేస్తున్నాను, ఏ నంబరు ఏ కథో కాగితం మీద రాసిచ్చాను.