ట్యూన్ చేసిన ఎఫ్-150కి ఏ ఆక్టేన్ పెట్రోలు? మూడు ట్యూన్లూ నడిపి చూశాక

టెక్సాస్‌లో డాలస్ పరిసరాల్లో ఉంటూ 2018 మోడల్ ఫోర్డ్ ఎఫ్-150 పికప్ ట్రక్కును కొన్నేళ్లుగా నడుపుతున్నాను. ఇంజన్ 3.5 లీటర్ల ఎకోబూస్ట్, అంటే రెండు టర్బోలున్న ఆరు సిలిండర్ల పెట్రోలు ఇంజన్. రోజూ ఆఫీసుకూ, పిల్లల తరగతులకూ తిరిగే బండి ఇదే. సెలవుల్లో ట్రావెల్ ట్రైలర్ (లోపల ఉండే వసతి గల చక్రాల గది) తగిలించుకొని కొలరాడో కొండలెక్కే బండీ ఇదే. వారంటీ ముగిశాక దీని కంప్యూటర్‌ను ట్యూన్ చేయించి, అంటే ఇంజన్‌ను నడిపించే ప్రోగ్రామును మార్పించి, 87, 91, 93 ఆక్టేన్లకు విడివిడిగా రాసిన మూడు ట్యూన్లు తీసుకున్నాను. వాటిని ఎండలోనూ చలిలోనూ, ఖాళీగానూ బరువుతోనూ నడిపి చూశాక 91 దగ్గర స్థిరపడ్డాను. అన్నిటికంటే ఎక్కువ బలం ఇచ్చేది 93 ట్యూనే అయినా దాన్ని ఎందుకు పక్కన పెట్టానో వివరంగా చెప్పడం అవసరమనిపించింది, ఎందుకంటే కొత్తగా ట్యూన్ చేయించుకునేవారు దాదాపు అందరూ మొదట అడిగేది దాని గురించే.

ఆక్టేన్ అంకె పెట్రోలులో ఎంత శక్తి ఉందో చెప్పదు. సిలిండర్‌లో నొక్కుడు పడి వేడెక్కినప్పుడు, స్పార్క్ ప్లగ్ నిప్పురవ్వ రగిలించిన మంట తనను చేరేలోపు తనంతట తాను భగ్గుమనకుండా ఆ పెట్రోలు ఎంతవరకు ఓర్చుకోగలదో మాత్రమే చెబుతుంది. ఐసో-ఆక్టేన్‌కు 100, నార్మల్ హెప్టేన్‌కు 0 అని పెట్టుకొని, వాటి మిశ్రమాలతో పోల్చి కట్టిన కొలత ఇది. ఓర్పు చాలకపోతే సిలిండర్‌లో ఇంకా మండని గాలి-పెట్రోలు మిశ్రమం ఒక్కసారిగా పేలి, పిస్టన్ మీద సుత్తి దెబ్బలా పడుతుంది. దాన్నే నాక్ అంటారు. టర్బో ఇంజన్‌లో గాలిని ముందే కుదించి పంపుతారు కాబట్టి ఈ ప్రమాదం ఎక్కువ. పైగా ఈ ఇంజన్ కంప్రెషన్ నిష్పత్తి (సిలిండర్‌లో మిశ్రమాన్ని ఎన్ని రెట్లు నొక్కుతుందనే లెక్క) 10.5కి 1, టర్బో ఇంజన్‌కు అది తక్కువేమీ కాదు.

కంపెనీ నుంచి వచ్చినప్పుడు ఈ బండి 375 హార్స్‌పవర్, 470 పౌండ్-అడుగుల టార్క్ ఇస్తుంది. యజమాని పుస్తకం ప్రకారం 87 రెగ్యులర్ సరిపోతుంది. బరువు లాగడం వంటి కఠినమైన పనికి ప్రీమియం, అంటే ఎక్కువ ఆక్టేన్ పెట్రోలు, వాడమని అదే పుస్తకం సూచిస్తుంది. ట్యూన్ చేయని బండికి అంతకుమించి ఆలోచించనక్కరలేదు. రెగ్యులర్ చాలని బండ్లలో కోటీ 65 లక్షల మంది అమెరికన్లు ఏడాదిలో అనవసరంగా ప్రీమియం పోయించి 210 కోట్ల డాలర్లకు పైగా వృథా చేశారని అక్కడి వాహనదారుల సంఘం ఏఏఏ 2016లో లెక్క కట్టింది. ఆ మాట నేను పూర్తిగా నమ్ముతాను. ట్యూన్ చేసిన బండి విషయం మాత్రం వేరు.

ట్యూన్ రాసేవారు ప్రధానంగా చేసేది రెండు పనులు: బూస్ట్ (టర్బో గాలిని నెట్టే ఒత్తిడి) పెంచుతారు, ఇగ్నిషన్ టైమింగ్‌ను (స్పార్క్ పడే క్షణాన్ని) ముందుకు జరుపుతారు. నాసి పెట్రోలు, మండుటెండ, నిండు బరువు ఒకేసారి ఎదురైనా ఇంజన్ తట్టుకోవాలని కంపెనీ ఇంజనీర్లు కొంత జాగా వదిలి ఉంచుతారు. ట్యూన్‌తో మనకు దొరికే అదనపు బలంలో చాలా భాగం ఆ జాగాలోంచి తీసుకున్నదే. అందువల్ల ట్యూన్ పేరులో ఉన్న ఆక్టేన్ సలహా కాదు, షరతు. నాక్ సెన్సర్లు ఉన్నాయి కదా, కంప్యూటర్ చూసుకుంటుంది కదా అని చాలామంది అంటారు. సెన్సర్ పసిగట్టేది నాక్ మొదలయ్యాకే. కంప్యూటర్ టైమింగ్‌ను వెనక్కి లాగేది ఆ తరువాతే. ఆ రక్షణ అప్పుడప్పుడు పనికి రావాలి గాని, రోజూ దాని మీదే ఆధారపడి బండి నడపకూడదు.

87 ట్యూన్ నేను అనుకున్నదానికంటే మంచిది. తక్కువ వేగంలో స్పందన చురుకవుతుంది, గేర్లు తడబడకుండా పడతాయి, ఊళ్లో తిరగడానికి ఏ లోటూ ఉండదు. ట్రైలర్ లాగనివారు, నెలకు పెట్రోలు ఖర్చు చూసుకునేవారు దీనితో ఆగిపోవచ్చు. అయితే ఆగస్టు మధ్యాహ్నం, తారు రోడ్డు మీంచి ఆవిరి లేస్తున్న వేళ, ట్రైలర్‌తో ఫ్రీవే ర్యాంప్ ఎక్కుతుంటే కంప్యూటర్ మాటిమాటికీ టైమింగ్ తగ్గించడం, బండి కంప్యూటర్ విలువలను చూపే యాప్ ద్వారా ఫోన్ తెర మీద స్పష్టంగా కనిపించేది. అలాంటప్పుడు ట్యూన్ ఇచ్చిన బలమంతా పోయి, బండి దాదాపు కంపెనీ స్థితికే వస్తుంది.

93 ట్యూన్ డాలస్‌లో అద్భుతంగా ఉంటుంది. ఇక్కడ ప్రతి పెద్ద స్టేషన్‌లోనూ 93 దొరుకుతుంది. శీతాకాలపు ఉదయం చల్లగాలిలో ఈ బండి లాగే తీరు చూస్తే ఇంత బరువైన ట్రక్కేనా అనిపిస్తుంది. చిక్కు ఎక్కడ వచ్చిందంటే, మా దారి డాలస్‌తో ఆగదు. విచిటా ఫాల్స్, అమరిల్లో మీదుగా వెళ్లి టెక్స్‌లైన్ దగ్గర రాష్ట్రం దాటితే న్యూ మెక్సికోలోని క్లేటన్ వస్తుంది. అక్కడి నుంచి కొలరాడో అంతటా ప్రీమియం అంటే 91. కాలిఫోర్నియాలోనూ అంతే. 93 కోసం రాసిన ట్యూన్‌తో ఆ ప్రాంతంలో ట్రైలర్ లాగడం నాకు సమ్మతం కాదు గనుక, క్లేటన్‌లో పెట్రోలు పోయించాక స్టేషన్ పక్కకు బండి తీసి 91 ట్యూన్ ఎక్కించేవాణ్ని. దానికి ఇంజన్ ఆపాలి, ఏసీ ఆపాలి, బ్యాటరీ మీద భారం పడకుండా ఫోన్ ఛార్జర్లన్నీ పీకేయాలి. డ్యాష్‌బోర్డు మీద హెచ్చరిక దీపాలన్నీ వెలిగి ఆరుతూ ఉంటే, వెనక సీట్లో పిల్లలు చెమటలు కక్కుతూ "నాన్నా, ఇంకెంతసేపు" అని అడుగుతూ ఉండేవారు. అది పూర్తయ్యాక కూడా కంప్యూటర్ నేర్చుకున్నదంతా చెరిగిపోతుంది కాబట్టి, పది గేర్ల ట్రాన్స్‌మిషన్ కాసేపు కుదుపులతోనే నడుస్తుంది. తిరుగు ప్రయాణంలో మళ్లీ అదే తంతు.

ట్యాంకు లెక్క కూడా దీనికి తోడవుతుంది. నా బండి ట్యాంకు 36 గాలన్లు. అందులో 9 గాలన్ల 93 మిగిలి ఉండగా 27 గాలన్ల 87 పోస్తే, సుమారు లెక్కలో వచ్చేది 88.5. సగం 93, సగం 87 అయితే 90. అంటే పెద్ద ట్యాంకున్న బండిలో ఒకసారి తక్కువ ఆక్టేన్ పోస్తే దాని ప్రభావం తరువాతి నింపు వరకే కాక ఆ పై నింపుకూ కొంత మిగులుతుంది. ట్యూన్ మార్చే ముందు ట్యాంకులో ఏముందో గుర్తుంచుకోవడం తప్పనిసరి.

91 ట్యూన్‌కు మారాక ఈ బాధలన్నీ పోయాయి. డాలస్‌లో 93 పోస్తాను, అది షరతు కంటే రెండు మెట్లు పైనే. పడమటి రాష్ట్రాల్లో 91 పోస్తాను, అది సరిగ్గా షరతే. న్యూ మెక్సికో, కొలరాడో సరిహద్దులోని రేటన్ కనుమ 7,800 అడుగులకు పైన ఉంటుంది. జూలైలో ట్రైలర్‌తో దాన్ని ఎక్కుతున్నప్పుడు ఫోర్‌స్కాన్ అనే ఆ యాప్‌లో ఒక విలువనే గమనిస్తూ వెళతాను. పక్కన కూర్చున్న నా భార్య దాన్ని చదివి చెబుతూ ఉంటుంది. ఫోర్డ్ కంప్యూటర్ ట్యాంకులోని పెట్రోలు ఏపాటిదో నడకలోనే అంచనా కట్టి 'ఆక్టేన్ అడ్జస్ట్ రేషియో' అనే పేరుతో దాచుకుంటుంది. అది మైనస్ 1 దగ్గర ఉంటే పెట్రోలు మంచిదని, ప్లస్ 1 వైపు జరిగితే నాసిదని అర్థం. 91 ట్యూన్‌తో కనుమ పైకి చేరేదాకా అది మైనస్ 1 ను విడిచిపెట్టకపోవడం నాకు ఏ డైనో (ఇంజన్ బలం కొలిచే యంత్రం) కాగితం కంటే ఎక్కువ ధైర్యాన్నిచ్చింది. బలంలో 93 ట్యూన్‌కూ దీనికీ తేడా ఉంది, కాదనను. కానీ ఆ తేడా ఖాళీ బండిని నిండుగా తొక్కినప్పుడు తెలుస్తుంది తప్ప, బరువుతో స్థిరంగా ఎక్కుతున్నప్పుడు తెలియదు.

కొలరాడో వెళ్లేవారు ఇంకొకటి తప్పక గమనించాలి. అక్కడి పంపుల మీద మూడు బొత్తాలు సాధారణంగా 85, 87, 91. టెక్సాస్ అలవాటులో రెగ్యులర్ అనుకొని మొదటి బొత్తాం నొక్కితే వచ్చేది 85. ఎత్తులో గాలి పలచబడుతుంది కాబట్టి టర్బో లేని పాత ఇంజన్లకు అది చెల్లుబాటైంది; టర్బో ఆ పలచదనాన్ని తిరిగి పూడుస్తుంది కాబట్టి మన ఇంజన్‌కు చెల్లదు. 87 కంటే తక్కువ వాడవద్దని ఫోర్డ్ పుస్తకమే చెబుతోంది. 88 అని రాసి రెగ్యులర్ కంటే చవకగా అమ్మేదాని విషయం వేరు. అది 15 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు, 87 ట్యూన్‌కు దానితో ఇబ్బంది కనిపించలేదు. చాలా భాగం ఇథనాలే ఉండే ఈ85 మాత్రం ఈ ఇంజన్‌కు ఉద్దేశించింది కాదు.

ఆక్టేన్ ఎంత బాగున్నా తీర్చలేని సమస్య ఒకటుంది. ఇంజన్ తక్కువ వేగంలో తిరుగుతూ, పై గేరులో ఉండగా, యాక్సిలరేటర్ లోతుగా తొక్కినప్పుడు స్పార్క్ పడకముందే మిశ్రమం అంటుకోవడం డైరెక్ట్ ఇంజెక్షన్ టర్బో ఇంజన్లలో జరుగుతుంది. ఇది స్పార్క్‌కు ముందే జరిగేది కనుక టైమింగ్ తగ్గించినా ఆగదు. ఇంజన్ ఆయిల్‌లోని కాల్షియం దీన్ని ప్రేరేపిస్తుందని తేలాకే 2018లో అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్ (ఏపీఐ) వారి ఎస్ఎన్ ప్లస్, 2020లో ఎస్‌పీ ప్రమాణాలు వచ్చాయి. ట్యూన్ చేసిన బండిలో ఎస్‌పీ ఆయిల్ తప్ప మరొకటి పోయవద్దు. ట్రైలర్‌తో ఎత్తు ఎక్కేటప్పుడు టో మోడ్ (బరువు లాగడానికి ఉద్దేశించిన అమరిక) పెట్టి ఇంజన్‌ను వేగంగా తిరగనివ్వండి. స్పార్క్ ప్లగ్‌లను నేను 30,000 మైళ్ల దగ్గరే మారుస్తాను, వాటి కొనల మధ్య నిప్పురవ్వ దూకే సందును కంపెనీ కొలత కంటే కాస్త తగ్గించి బిగిస్తాను. తీసిన ప్లగ్‌ల తెల్లటి పింగాణీని భూతద్దంతో చూస్తే, నాక్ జరిగిన ఇంజన్‌లో మిరియపు పొడి చల్లినట్టు నల్లచుక్కలో, మెరిసే అల్యూమినియం రవ్వలో కనిపిస్తాయి. నా ప్లగ్‌లు ఇంతవరకు లేత గోధుమరంగులో శుభ్రంగానే వచ్చాయి.

హైదరాబాద్‌లోనూ విజయవాడలోనూ టర్బో పెట్రోలు కార్లను రీమ్యాప్ (అక్కడ ట్యూన్‌ను అలాగే అంటారు) చేయించుకుంటున్న మా బంధువులు తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది: అక్కడ 95 దొరుకుతుంది కదా, అమెరికా 93 ట్యూన్ నిక్షేపంగా నడుస్తుందా అని. నడవదు. ఆక్టేన్‌ను రిసెర్చ్, మోటార్ అనే రెండు పద్ధతుల్లో కొలుస్తారు. భారతదేశంలో రాసేది రిసెర్చ్ పద్ధతి అంకె. అమెరికా పంపు మీది పసుపు చీటీ రిసెర్చ్, మోటార్ అంకెల సగటు. ఇక్కడి 93 అంటే అక్కడి లెక్కలో దాదాపు 97, 98. అక్కడి 95 అంటే ఇక్కడి 90, 91. ఇండియన్ ఆయిల్ 2020 డిసెంబరులో తెచ్చిన 100 ఆక్టేన్ పెట్రోలు ఎక్స్‌పీ100 ఆ షరతును దాటుతుంది గాని, అది ప్రతి బంకులోనూ దొరకదు. హైవే మీద చిన్న ఊళ్లో ఏది దొరుకుతుందో దానికే రీమ్యాప్ రాయించుకోమని చెబుతాను.

ఇక చట్టం సంగతి. ఉద్గార నియంత్రణ పరికరాలను తొలగించే లేదా పనిచేయకుండా చేసే ట్యూన్ అమెరికా సమాఖ్య చట్టానికి విరుద్ధం, కాబట్టి కాలిఫోర్నియా ఎయిర్ రిసోర్సెస్ బోర్డు ఎగ్జిక్యూటివ్ ఆర్డర్ (ఆమోద పత్రం) నంబరు ఉన్న ట్యూన్‌నే కొనండి. 2025 నుంచి టెక్సాస్‌లో సొంత బండ్లకు భద్రతా తనిఖీ ఎత్తేశారు గాని, డాలస్ వంటి కౌంటీలలో ఉద్గార పరీక్ష అలాగే ఉంది. ట్యూన్ ఎక్కించినప్పుడల్లా కంప్యూటర్‌లోని స్వీయ పరీక్షల ఫలితాలు చెరిగిపోతాయి. అవి మళ్లీ పూర్తయ్యేదాకా, అంటే ఊళ్లోనూ ఫ్రీవే మీదా కొన్నాళ్లు మామూలుగా తిరిగేదాకా, ఆ పరీక్షకు వెళ్లినా తిప్పి పంపుతారు.