ఇంగ్లీష్ టీచర్‌గా థాయ్‌లాండ్ వెళ్తే పిల్లల చదువు సంగతేంటి: మా పాప రెండేళ్ల స్కూల్ రివ్యూ

ముందే రేటింగ్ చెప్పేస్తా, ఐదుకి మూడున్నర. ఆ పోయిన ఒకటిన్నర ఎందుకు పోయిందో కింద రాశా, కొంచెం పెద్దదే అయింది, ఓపికుంటే చదవండి.

నేను ఖమ్మంలో ఇంగ్లీష్ టీచర్‌ని. 2022 మేలో థాయ్‌లాండ్‌లో ఖోన్ కెన్ అనే ఊళ్లో ఒక ప్రైవేట్ స్కూల్లో జాబ్ దొరికితే పాపని తీసుకుని వెళ్లా, మా ఆయన ఉద్యోగం ఇక్కడే కాబట్టి ఆయన ఇక్కడే ఉండిపోయారు. జీతం నెలకి 28 వేల బాట్ (వాళ్ల కరెన్సీ). మనల్ని వాళ్లు నేటివ్ స్పీకర్ల కింద లెక్కెయ్యరు, టోయిక్ అనే ఇంగ్లీష్ పరీక్ష స్కోర్ తెమ్మంటారు, పక్క క్లాసులో అదే పాఠం చెప్పే ఇంగ్లండ్ ఆయనకి మనకంటే ఎక్కువిస్తారు, సరే ఆ ఏడుపు ఇంకోసారి.

వెళ్లే ముందు ఇంట్లో నెలరోజులు పంచాయితీ. అప్పటికి పాప యూకేజీ అయిపోయింది, ఆరేళ్లు. మా అత్తయ్య అయితే "పురుగులు వేయించుకుని తినే దేశానికి పిల్లని తీసుకుపోతావా, నా దగ్గర వదిలిపెట్టు" అని ఒకటే పట్టు. (పురుగులు తింటారు, నిజమే, సాయంత్రం బజార్లో బండి మీద అమ్ముతారు, మనల్ని తినమని ఎవరూ బలవంతపెట్టరు.)

ఇక నేను చూసిన స్కూళ్లు. ఇంటర్నేషనల్ స్కూల్ అనగానే అందరికీ బ్యాంకాక్ గుర్తొస్తుంది కదా, అక్కడ పేరున్న వాటి ఫీజు ఏడాదికి ఐదు లక్షల బాట్ పైమాటే, నా ఏడాది జీతం మొత్తం కూడినా మూడు లక్షల ముప్పై ఆరు వేలు, ఇంక నేనూ పాపా గాలి పీల్చి బతకాలి. అవి కంపెనీ వాళ్లు ఫీజు కట్టే ఉద్యోగాలకి, మన టీచర్లకి కాదు. గవర్నమెంట్ స్కూల్ ఫ్రీ, ఏ దేశం పిల్లలైనా చేర్చుకుంటారు, మయన్మార్ నుంచి కూలికి వచ్చినవాళ్ల పిల్లలు కూడా చదువుకుంటారు, కానీ మొత్తం థాయ్‌లోనే. నాలుగేళ్ల పిల్లయితే కళ్లు మూసుకుని అందులోనే వేసేదాన్ని. ఖోన్ కెన్‌లో సీబీఎస్‌ఈ స్కూల్ నాకైతే దొరకలేదు. మన ఎన్‌ఐఓఎస్ (ఓపెన్ స్కూల్) గురించి కూడా ఆలోచించా కానీ దాంట్లో పదో తరగతికి కట్టాలంటేనే 14 ఏళ్లు నిండాలి, అది హైస్కూల్ పిల్లలున్నవాళ్లకి పనికొస్తుంది.

చివరికి నేను పనిచేసే స్కూల్లోనే వేశా. స్టాఫ్ పిల్లలకి సగం ఫీజు. అందులో మినీ ఇంగ్లీష్ ప్రోగ్రామ్ అని ఒక సెక్షన్ ఉంటుంది, కొన్ని సబ్జెక్టులు ఇంగ్లీష్‌లో, మిగతావి థాయ్‌లో.

మొదటి నెల నరకం. పొద్దున ఎనిమిదింటికి జెండా ఎగరేసి జాతీయ గీతం, ఎండలో వరుసగా నిలబడాలి, క్లాస్ బయట బూట్లు విప్పాలి, వారానికో రోజు స్కౌట్ డ్రెస్, ఏ రోజు ఏ డ్రెస్సో నాకే తికమక. పాప రోజూ ఏడుపు, నేను స్టాఫ్ రూమ్‌లో ఏడుపు. జులై వచ్చేసరికి అది థాయ్‌లో పోట్లాడ్డం మొదలుపెట్టింది, అమ్మయ్య అనుకున్నా. కారిడార్‌లో నేనెదురైతే మిగతా పిల్లల్లాగే ఆగి, కొంచెం వంగి, చేతులు జోడించి "సవాత్‌దీ ఖా టీచర్" అని వెళ్లిపోయేది, ఇంటికొచ్చాక మాత్రం అమ్మా ఆకలి అని మీద పడేది.

అక్కడ నాకు భలే నచ్చింది జూన్‌లో చేసే వాయ్ ఖ్రూ, అంటే గురువుకి దండం పెట్టడం. గురువారమే చేస్తారు. వాళ్ల భాషలో గురువారం పేరు కూడా బృహస్పతి పేరే! పిల్లలు పళ్లెంలో పువ్వులు సర్ది తెస్తారు, దగ్గరికెళ్లి చూస్తే గరిక, వంకాయ పువ్వు, నూరు వరహాల పువ్వులు, పేలాలు. గరిక ఎందుకంటే ఎంత తొక్కినా మళ్లీ లేస్తుంది కాబట్టి చదువు అలా పెరగాలట. ఫోన్‌లో అత్తయ్యకి చూపిస్తే "ఇది మన వినాయకుడి పూజ సామానే కదే" అంది, ఆ తర్వాత పురుగుల మాట ఎత్తలేదు.

అక్షరాలు కూడా అంతే, 44 హల్లులు అనగానే భయమేసింది కానీ వరస మన క ఖ గ ఘ లాగానే పోతుంది, మధ్యలో ఎక్స్‌ట్రాలు ఉంటాయి అంతే. కొ కై అంటే కోడి, ఖొ ఖై అంటే గుడ్డు. ఇంట్లో ఒక గోడకి తెలుగు చార్ట్, ఎదురు గోడకి థాయ్ చార్ట్ అంటించా. పలికే రాగాలే కష్టం, ఒకే మాట ఐదు రాగాల్లో ఐదు అర్థాలు, పాపకి వచ్చేసింది, నాకు ఇప్పటికీ రాదు.

లంచ్ స్కూల్లోనే పెడతారు. మేము పంది మాంసం తినం, మొదటి రోజే దాని చేత "మై కిన్ మూ" బట్టీ పట్టించి పంపా, వంటావిడ గుర్తు పెట్టుకుని దీనికి విడిగా గుడ్డు వేయించి పెట్టేది. ఆవిడకి మాత్రం ఐదుకి ఐదు. ఆ వైపు జిగురు అన్నం ఎక్కువ తింటారు, చేత్తో ముద్ద చేసుకుని తినేది కాబట్టి పాపకి ఏ ఇబ్బందీ లేదు.

ఇప్పుడు మార్కులు ఎక్కడ పోయాయో చెప్తా. అడ్మిషన్ అప్పుడు లెక్కలు, సైన్స్, ఇంగ్లీష్ మూడూ ఇంగ్లీష్‌లోనే అన్నారు. రెండో ఏడు జూన్‌లో లెక్కల ఫిలిప్పీన్స్ మేడమ్ మానేసింది, అక్టోబర్ సెలవుల దాకా కొత్త మనిషి రాలేదు, నాలుగు నెలలు లెక్కలు కూడా థాయ్‌లోనే. ఫీజు మాత్రం తగ్గలేదు. అదే స్కూల్లో టీచర్‌ని అయ్యుండి అడిగితే "మై పెన్ రై", పర్లేదులెండి అని నవ్వుతారు, ఆ నవ్వుకి మన కోపం కూడా చల్లారిపోతుంది, అదే ప్రమాదం. ఎవర్నీ ఫెయిల్ కూడా చెయ్యరు, దాంతో పిల్ల ఎక్కడ వెనకబడిందో మార్కులు చూసి తెలుసుకోలేం. 2024లో తిరిగొచ్చి ఇక్కడ మూడో క్లాసులో వేస్తే పక్కపిల్లలు గుణకారాలు టకటకా చేస్తుంటే మాది వేళ్లు లెక్కపెట్టుకుంటూ కూర్చుంది. తెలుగు మాట్లాడుతుంది, చదవమంటే కూడబలుక్కుంటుంది, ఇక్కడేమో 2018 చట్టం తర్వాత తెలుగు కంపల్సరీ. ఆ తప్పు స్కూల్‌ది కాదు, నాది, రోజూ అరగంట కూర్చోబెట్టి ఉండాల్సింది.

నన్నడిగితే మూడో క్లాసు లోపు పిల్లలైతే ధైర్యంగా తీసుకెళ్లండి. ఏడూ ఎనిమిదీ చదివే పిల్లలైతే ఇలాంటి స్కూల్లో వెయ్యొద్దు, వాళ్లు థాయ్ నేర్చుకునేలోపు ఇక్కడ పదో తరగతి వచ్చేస్తుంది. చేరేముందు బ్రోషర్ కాదు, పోయినేడాది టైమ్‌టేబుల్ చూపించమనండి, ఏ పీరియడ్ ఎవరు చెప్పారో పేర్లతో సహా. ఇంకోటి, పిల్ల వీసా మన వీసాకి ముడిపడి ఉంటుంది, ఉద్యోగం పోతే ఇద్దరిదీ పోతుంది, కాబట్టి కాంట్రాక్ట్ ఎప్పటిదాకానో చూసుకుని అడ్మిషన్ తీసుకోండి. అక్కడ ఏడాది మే మధ్యలో మొదలై మార్చిలో అయిపోతుంది, తిరిగి రావడానికి మాత్రం మనకి బాగా కలిసొస్తుంది.

వచ్చేటప్పుడు టీసీ, మార్కుల కార్డు ఇంగ్లీష్‌లో అడిగి తీసుకోండి, అడక్కపోతే థాయ్‌లోనే ఇస్తారు, తేదీలు బౌద్ధ శకంలో ఉంటాయి. నేను తొందర్లో అలాగే తెచ్చేశా, విడిగా ట్రాన్స్‌లేట్ చేయించినా సంవత్సరం అలాగే ఉండిపోయింది. ఖమ్మంలో స్కూల్ క్లర్క్ గారు కళ్లజోడు సర్దుకుని రెండుసార్లు చదివి "మేడమ్, మీ పాప రెండో క్లాసు 2567లో పాసైందా?" అన్నారు.