మెడ దగ్గర వెన్నుపాము దెబ్బతింటే: నరం మార్పిడా, మూలకణాలా?

మెడ భాగంలో వెన్నుపాము దెబ్బతిన్నవారిని ఏది తిరిగి రావాలని అడిగితే, నడక కంటే ముందు చేతుల పేరు చెప్పేవారే ఎక్కువ. 2004లో వెలువడిన ఒక సర్వేలోనూ అదే తేలింది. చెంచా పట్టుకోగలగడం, చక్రాల కుర్చీని సొంతంగా నెట్టుకోగలగడం వారికి ఎంతో పెద్ద స్వేచ్ఛ. అందుకే ఈ పోలికను చేతులకే పరిమితం చేస్తున్నాను.

విరిగిన ఎముక వెన్నుపామును నొక్కుతుంటే ఆ ఒత్తిడి తీసే ఆపరేషన్‌లో తాత్సారం తగదు. 2012 నాటి అధ్యయనంలో, కదలిక, స్పర్శ ఎంత మిగిలాయో చెప్పే ఐదు గ్రేడ్ల కొలమానంలో, ఆరు నెలల తర్వాత రెండు గ్రేడ్లు లేదా అంతకు మించి కోలుకున్నవారు 24 గంటల్లోపు ఆపరేషన్ జరిగినవారిలో 19.8 శాతం, ఆలస్యమైనవారిలో 8.8 శాతం.

ఆ తర్వాతిది నరం మార్పిడి. మోచేతిని వంచడానికి ఒకటికి మించి కండరాలున్నాయి. వాటిలో ఒకదానికి వెళ్లే నరాన్ని కోసి, బొటనవేలిని, చూపుడువేలిని వంచే నరానికి కలుపుతారు. మిగిలిన కండరాలు మోచేతి పని చూసుకుంటాయి. నరం రోజుకు సుమారు ఒక మిల్లీమీటరే పెరుగుతుంది కాబట్టి ఫలితానికి నెలలు, ఒక్కోసారి రెండేళ్లు పడుతుంది. 2019లో ఆస్ట్రేలియా వైద్యులు 16 మందిలో 59 మార్పిడుల ఫలితాలు ప్రకటించారు. నాలుగు విఫలమయ్యాయి, కానీ మొత్తం మీద పట్టు, మోచేయి చాచడం మెరుగయ్యాయి. బలమైన పట్టు త్వరగా కావాలంటే టెండన్ మార్పిడి, అంటే పనిచేస్తున్న కండరాన్ని ఎముకకు కలిపే తాడును మరో పనికి మళ్లించడం, మేలు. వేళ్లు తెరవడానికి మాత్రం నరం మార్పిడి బాగా ఉపయోగపడుతుంది.

దెబ్బతిన్న చోటునే బాగుచేయాలన్నది మూలకణాల (వేరే రకం కణాలుగా మారగల కణాల) చికిత్స ఆశయం. అది గొప్పదే. జపాన్ 2018లో రోగి సొంత మూలకణాల చికిత్సకు షరతులతో అనుమతినిచ్చింది, అదీ 13 మంది ఫలితాలతో, పోల్చి చూసే మరో బృందం లేకుండానే. అక్కడి కెయో విశ్వవిద్యాలయం మూలకణాల చికిత్స పొందిన నలుగురి ఫలితాలు 2025లో చెప్పింది. ఇద్దరిలో కదలిక మెరుగైంది. గాయమైన తొలి వారాల్లో సహజంగా కూడా కొంత కోలుకుంటారు గనుక అందులో కణాల వాటా ఎంతో తేల్చలేం. ప్రమాదమూ ఉంది: మూలకణాలుండే ముక్కు లోపలి కణజాలం వెన్నుపాములో పెట్టించుకున్న ఒకామెకు ఎనిమిదేళ్ల తర్వాత అక్కడే గడ్డ ఏర్పడిందని 2014లో నమోదైంది.

చేతుల కోసమైతే నా ఓటు నరం మార్పిడికే. నన్ను కలవరపెట్టేది గడువు. వెన్నుపాముతో సంబంధం పూర్తిగా తెగిన కండరం ఏడాది, ఏడాదిన్నర దాటితే నరం అందినా స్పందించదు. మూలకణాల కోసం ఎదురుచూస్తూ ఆ గడువు పోగొట్టుకోకండి. డబ్బు తీసుకుని మూలకణాలు ఎక్కిస్తామనే చోటికి వెళ్లకండి. తొలి నెలల్లోనే చేతి శస్త్రచికిత్స నిపుణుడిని కలిసి, ఏ కండరానికి ఇంకా నరం అందుతోందో పరీక్ష చేయించండి.