చెమట పట్టని మనిషికి చెన్నైలో కూలరా, తడి బనియనా?

బెంగళూరులో మా అక్కకి వేసవంతా కూలర్‌తోనే గడిచిపోతుంది. అది చూసి పెరంబూరులో మా ఇంటికీ ఒకటి కొన్నాను, నాన్న కోసం. ఆయనకి ఇరవై ఏళ్ళుగా షుగర్. చెమటగ్రంథులకి వెళ్ళే నరాలు దెబ్బతిని కాళ్ళూ నడుమూ ఎండలో కూడా పొడిగానే ఉంటాయి. అన్నం తినేటప్పుడు మాత్రం ముఖమంతా కారిపోతుంది, అదీ షుగర్ చలవే. "మీరు అదృష్టవంతులు బాబాయిగారూ, చొక్కా తడవదు" అనేవారు పక్కింటివాళ్ళు. కత్తిరి ఎండల్లో ఒకరోజు ఒళ్ళు కాలిపోయి, కళ్ళు తిరిగి కూలబడ్డాక గానీ ఆ అదృష్టమేమిటో మాకు తెలియలేదు.

కూలర్ మూడు వారాలకే అటకెక్కింది. దాని తడికల్లో నీరు ఆవిరైతేనే గాలి చల్లబడుతుంది. బెంగళూరులో మార్చి, ఏప్రిల్ గాలి పొడి కాబట్టి సరిపోతుంది. ఇక్కడ గాలే తడి, మా గదేమో ఇడ్లీ పాత్రలా తయారైంది.

ఉత్త ఫ్యానూ లాభం లేదు. గది వేడి 35 డిగ్రీలు దాటితే, చెమట లేని ఒంటికి అది వేడిగాలినే విసురుతుంది. అదే ఫ్యాను కింద తడి బనియన్ వేసుకుంటే కథ వేరు. లీటరు నీరు ఆవిరవడానికి దాదాపు 580 కిలోకేలరీల వేడి కావాలి. కూలర్ ఆ వేడిని గాలి నుంచి లాగితే, బనియన్ చాలావరకు ఒంటి నుంచే లాగుతుంది. చెమట చేసేదీ అదే కదా! సముద్రపు గాలి తిరగకముందు, పడమటి గాలికి బనియన్ ఇట్టే ఆరిపోతుంది. పక్కన స్ప్రే సీసా ఉండాల్సిందే. మామూలు కుళాయి నీళ్ళు చాలు.

రాత్రికి మాత్రం ఏసీయే. తడి బట్టలతో నిద్రేం పడుతుంది? టన్ను ఏసీ గంటకి సుమారు యూనిట్ కాలుస్తుంది, 75 వాట్ల ఫ్యాను అదే యూనిట్‌తో 13 గంటలు తిరుగుతుంది. అందుకే పగలు బనియన్.

వీటన్నిటికంటే ముందు మందుల చీటీ చూపించాల్సింది. మూత్రం ఆపుకోలేక వాడే ఆక్సిబ్యుటినిన్, మూర్ఛకీ మైగ్రేన్‌కీ ఇచ్చే టోపిరమేట్ చెమటని తగ్గిస్తాయి. నాన్నకి మొదటిది నడుస్తుండేది, డాక్టరే మార్చారు. సొంతంగా ఆపకూడదు.

ఒళ్ళు 40 డిగ్రీలు దాటి మాట తడబడితే మాత్రం పారాసిటమాల్ పనిచేయదు, అది జ్వరం కాదు. 108కి ఫోన్ చేసి, వాళ్ళొచ్చేదాకా బకెట్లతో నీళ్ళు పోస్తూనే ఉండాలి.