మా షాపు ఇంటీరియర్: లైట్లకు పూర్తి మార్కులు, కౌంటర్‌కు సున్నా

నాది రెడీమేడ్ బట్టల షాపు. ముందు అద్దం, లోపల పొడుగాటి గది, చివర ట్రయల్ రూములు, అంతే. దాని లోపలి డిజైన్ మొత్తం ఒక ఇంటీరియర్ సంస్థకు అప్పగించాను. పని పూర్తయి, ఒక సీజన్ అమ్మకాలు కూడా చూశాక రాస్తున్న రివ్యూ ఇది. సంస్థ పేరు కావాలనే రాయడం లేదు. ఇలాంటి చోట డిజైన్ గీసేది ఒకరు, చెక్కపని చేసేది ఇంకొకరు, వైరింగ్ మరొకరు. నాకొచ్చిన టీమే మీకూ వస్తుందన్న గ్యారంటీ లేదు.

ముందు మెచ్చుకోవాల్సింది చెప్పేస్తాను. డిజైనర్‌గా వచ్చినావిడ మొదటి రోజు కేటలాగ్ తెరవలేదు. ఓ మూల నిలబడి కస్టమర్లను చూస్తూ ఉండిపోయారు. మధ్యాహ్నానికి ఒక ప్రశ్న వేశారు.

"వీళ్లంతా బట్ట పట్టుకుని గుమ్మం దాకా ఎందుకు వెళ్తున్నారండీ?"

"వెలుతురులో రంగు చూసుకోవడానికమ్మా. ఎప్పుడూ చేసేదేగా."

"మరి లోపల ఉన్నది వెలుతురు కాదా?"

నిజానికి షాపులో లైట్లకు కొదవ లేదు. తెల్లగా, ధారాళంగా, 6500 కెల్విన్ ట్యూబులు మూలమూలనా వెలుగుతూనే ఉండేవి (కెల్విన్ అంటే వెలుగు ఛాయను చెప్పే అంకె; ఎక్కువైతే నీలి తెలుపు, తగ్గితే పసుపు). కానీ వాటి కింద ముదురు నీలం ఏదో, నలుపు ఏదో నాకే తెలిసేది కాదు. వెలుతురు ఎక్కువ ఉండటం వేరు, రంగు సరిగ్గా కనబడటం వేరు. ఆ రెండోదాన్ని చెప్పే కొలత సీఆర్ఐ. అది 100కి ఎంత దగ్గరగా ఉంటే రంగు అంత నిజంగా కనిపిస్తుంది. మామూలు ఎల్ఈడీలు 80 దగ్గర ఉంటాయి. పైగా ఆ లెక్క ఎనిమిది లేత రంగుల సగటు మాత్రమే, చిక్కటి ఎరుపు అందులో లేదు. దానికి ఆర్9 అని వేరే అంకె ఉంటుంది. డబ్బా మీద 80 చూసి కొంటే ఎర్రబట్టలు వెలిసిపోయినట్టు కనిపించే ప్రమాదం ఉంది. బట్టలమ్మేవాడికి ఇంతకంటే టెన్షన్ ఏముంటుంది?

ఆవిడ ట్యూబులన్నీ తీయించి 4000 కెల్విన్‌లో, సీఆర్ఐ 90 దాటిన, ఆర్9 కూడా బాగున్న ట్రాక్ లైట్లు పెట్టించారు. అంతటా ఒకేలా వెలుగు పోయలేదు. నడిచే దారి కాస్త మసకగా ఉంటుంది, వేలాడే బట్ట మీద దానికి మూడింతల వెలుగు పడుతుంది. మొదట్లో షాపు చీకటిగా అయిపోయిందేమో అనిపించింది. కానీ కస్టమర్ల చూపు నేరుగా బట్ట మీదికే వెళ్తోంది. గుమ్మం దాకా నడక బాగా తగ్గింది. ఇంటికెళ్లాక రంగు వేరేలా ఉందంటూ మార్చుకోవడానికి వచ్చేవాళ్లూ తగ్గారు.

ముందు అద్దం విషయంలోనూ వాళ్లదే సరైన ఆలోచన. పగటిపూట బయట ఎండ, లోపల అంతకంటే తక్కువ వెలుగు ఉంటే షాపు అద్దం ముఖం చూసుకునే అద్దమైపోతుంది. దారిన పోయేవాళ్లు జుట్టు సర్దుకుని వెళ్లిపోతారు. అద్దానికి అంటించిన ఆఫర్ పోస్టర్లు పీకించి, షాపు చివరి గోడ మీద పైనుంచి కిందికి వెలుగు పడేలా చేశారు. ఇప్పుడు రోడ్డు మీంచి చూస్తే లోపల ఎంత దూరం ఉందో తెలుస్తుంది. తొంగి చూసినవాళ్లు లోపలికి అడుగేస్తున్నారు.

గుమ్మం పక్కనే ఉండే డిస్కౌంట్ బల్లనూ తీసేయించారు. దీనికి నేను ఒప్పుకోలేదు, గట్టిగానే వాదించాను. బయటి నుంచి వచ్చిన మనిషి కళ్లు, కాళ్లు కుదురుకోవడానికి నాలుగడుగులు పడుతుంది, అంతలోపల ఏం పెట్టినా కనబడదు అన్నారు. ఆ బల్ల లోపలికి జరిగాక అదే సరుకు ముందుకంటే త్వరగా ఖాళీ అవుతోంది. నా దగ్గర ఇక వాదన మిగల్లేదు.

ట్రయల్ రూమ్ దగ్గర మాత్రం వాళ్ల మొదటి డ్రాయింగ్ దారుణం. నెత్తి మీద ఒకే ఒక్క స్పాట్ లైట్. మా ఆవిడ అందులో నిలబడి, "ఇక్కడ చూసుకుంటే ఎవరైనా పదేళ్లు పెద్దగా కనిపిస్తారు, ఇక కొంటారా?" అంది. పైనుంచి పడే వెలుగుకి కళ్ల కింద, గడ్డం కింద నీడలు వస్తాయి. అద్దానికి రెండు పక్కలా నిలువు లైట్లు పెట్టమన్నాం, మారుమాట లేకుండా మార్చారు. బయట ఒక బెంచీ కూడా వేశారు. చిన్న విషయంలా ఉంటుంది గానీ, కూడా వచ్చినవాళ్లు కాళ్లు నొప్పులు పుట్టి "పద, పద" అంటే పోయే బేరాలు ఎన్నో.

ఇక సంగీతం. ప్రజెంటేషన్ ఇచ్చినాయన 1982 నాటి రొనాల్డ్ మిల్లిమన్ పరిశోధన చెప్పి ఊదరగొట్టాడు. నెమ్మదైన సంగీతం పెడితే జనం నెమ్మదిగా నడిచారు, హుషారు సంగీతంతో పోలిస్తే అమ్మకాలు 38 శాతం ఎక్కువ వచ్చాయి అని. నిజమే, కానీ అది సూపర్‌మార్కెట్‌లో జరిగింది. నాది సన్నటి గది. కింద టైల్స్, ముందు అద్దం, పైన ఫాల్స్ సీలింగ్ పీకేసి నల్లరంగు వేసిన బోడి స్లాబు. నలుగురు మాట్లాడితేనే గోల, దాని మీద పాట పెడితే కస్టమర్ అడిగిన సైజు నాకు వినబడదు. శబ్దాన్ని పీల్చుకునే ప్యానెళ్లు డిజైన్‌లోనే ఉండాల్సింది. అడిగాక, అవి ఎక్స్‌ట్రా అన్నారు.

స్టాకు సంగతి అసలే ఆలోచించలేదు. త్రీడీ బొమ్మల్లో ఒక్కో రాడ్డుకి ఐదారు చొక్కాలు విడివిడిగా ఊగుతుంటాయి. చూడ్డానికి బ్రహ్మాండం, అలా వ్యాపారం చేస్తే మాత్రం షట్టర్ దించుకోవాలి. రాకుల మధ్య దారి 90 సెంటీమీటర్లకు తగ్గకూడదని పట్టుబట్టారు. వీల్‌చైర్‌లో వచ్చేవాళ్ల కోసం అది అవసరమే, నేనూ కాదనను. కానీ అలా పోయిన చోటుకి బదులు పైన అటక గానీ, కింద సొరుగులు గానీ ఇవ్వాలి కదా. ఇప్పుడు డబ్బాలు నా కుర్చీ వెనక పేర్చుకుంటున్నాను.

కౌంటర్ గురించి ఎంత తక్కువ చెబితే అంత మంచిది. అంచు పట్టీ అప్పుడే లేచిపోతోంది, బట్ట ఆనితే దారం పట్టేస్తోంది. నియాన్ అక్షరాల సెల్ఫీ గోడకైతే జనం బాగానే వస్తున్నారు. ఫోటో దిగుతున్నారు, వెళ్తున్నారు.

అమ్మకాలు పెరిగాయా అంటే, పెరిగాయి. మొదట్లో వచ్చిన జనంలో కొంత కొత్త మోజు ఉంటుంది, దాన్ని నేను లెక్కలోకి తీసుకోను. ఆ తర్వాత కూడా నిలిచిన పెరుగుదల లైట్ల వల్ల, ట్రయల్ రూమ్ వల్ల వచ్చిందని నా నమ్మకం. నియాన్ గోడకు అందులో వాటా లేదు. డిజైన్, లైటింగ్ వరకైతే వీళ్లకే మళ్లీ ఇస్తాను, చెక్కపని మాత్రం నాకు తెలిసిన వడ్రంగి చేతే చేయించుకుంటాను.

మీరు ఎవరికి ఇచ్చినా కొటేషన్‌లో లైటు వాట్లు చూసి ఊరుకోకండి, సీఆర్ఐ ఎంతో, ఆర్9 ఎంతో రాయించుకోండి. మీ స్టాకు మొత్తం ఎన్ని డబ్బాలో ముందే చెప్పి, అవి ఎక్కడ పడతాయో డ్రాయింగ్‌లో చూపించమనండి. వారంటీ లైటుకేనా, దానికి సరైన కరెంటు అందించే డ్రైవర్ అనే భాగానికి కూడానా అన్నదీ అడగండి. మా దగ్గర మొదట పోయింది డ్రైవరే, అది వారంటీలో లేదన్నారు.