మాట పడిపోయిన మా నాన్న, బరంపురంలోని స్పీచ్ థెరపీ సెంటర్: నాలుగు నెలల అనుభవం

గత చలికాలంలో నాన్నకి స్ట్రోక్ వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి, వాటితో పాటే మాటా పడిపోయింది. చెయ్యీ కాలూ ఫిజియోథెరపీతో కాస్త దారిలో పడ్డాయి గానీ మాట గురించి ఎవరిని అడగాలో తెలియక రెండు నెలలు పోగొట్టుకున్నాం. ఒడిశాలోని గంజాం, గజపతి జిల్లాల్లో మనలాంటి తెలుగు ఇళ్లు ఎన్నో ఉన్నాయి కదా, ఇంకొకరికి ఆ రెండు నెలలు మిగలాలని ఇది రాస్తున్నాను.

మేం వెళ్తున్నది కొత్త బస్టాండ్‌కి దగ్గర్లో, మందుల షాపు మేడ మీద ఉన్న చిన్న సెంటర్. దీనికంటే ముందు ఇంకో చోటికి వెళ్లాం. అక్కడ పరీక్షంతా హిందీలో, కొంచెం ఒడియాలో చేసి, ఇరవై నిమిషాల్లో "చెప్పింది అర్థం చేసుకోలేరు" అని కాగితం మీద రాసిచ్చారు. నాన్న ఆ రోజు ఇంటికొచ్చి అన్నం ముట్టలేదు. అర్థం కానివాళ్లైతే అలా ఎందుకు బాధపడతారు?

ఇక్కడ మేడమ్ మొదటి రోజు చాలాసేపు అమ్మనీ నన్నూ అడిగారు. ఇంట్లో ఏ భాష, కొట్లో ఏ భాష, డబ్బులు లెక్కపెట్టేటప్పుడు ఏ భాష, చదువుకున్నది ఏ భాషలో, దేవుడికి దండం పెట్టుకునేది ఏ భాషలో. అన్నీ రాసుకున్నాక నాన్న వైపు తిరిగి తెలుగులో "బాబుగారూ, ఒకసారి కళ్లు మూసుకోండి" అన్నారు. మూసుకున్నారు. "కిటికీ ఎక్కడుందో చూపించండి" అంటే ఎడమ చేత్తో చూపించారు. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని బయటికి వెళ్లిపోయింది.

మెదడు దెబ్బతిని ఇలా మాట పడిపోవడాన్ని అఫేసియా అంటారని అప్పుడే తెలిసింది. ఇంటికొచ్చి రాత్రుళ్లు కూర్చుని దీని చరిత్రంతా చదివాను, చదివేకొద్దీ మొదటి చోట జరిగినదాని మీద కోపం పెరిగింది. 1861లో పారిస్ దగ్గర బిసెత్ర్ ఆసుపత్రిలో పాల్ బ్రోకా అనే డాక్టర్ లెబోర్న్ అనే రోగిని చూశాడు. ఆ మనిషి 21 ఏళ్లుగా అక్కడే ఉన్నాడు, ఏం అడిగినా "టాన్ టాన్" అనేవాడు, కానీ ఎదుటివాళ్లు చెప్పేది చాలావరకు అర్థమయ్యేది, కోపం వస్తే మాత్రం నోట్లోంచి తిట్టు వచ్చేదట. బ్రోకా చూసిన వారం తిరక్కుండానే అతను చనిపోయాడు, మెదడు తీసి చూస్తే ఎడమ వైపు ముందు భాగం దెబ్బతిని ఉంది. మా నాన్నకి "టాన్" బదులు "అదే". నీళ్లు కావాలన్నా అదే, ఫ్యాన్ ఆపమన్నా అదే.

1874లో కార్ల్ వెర్నికే ఇంకో రకాన్ని వివరించాడు, అప్పటికి అతని వయసు 26 ఏళ్లే. ఆ రకంలో మాట గడగడా వస్తుంది గానీ అందులో అర్థం ఉండదు, ఎదుటివాళ్లు చెప్పేదీ బుర్రకి ఎక్కదు. నాన్నకి మాట రావడం లేదు గానీ చెప్పింది తెలుస్తుంది. ఈ తేడా తెలిసి నూట యాభై ఏళ్లు దాటింది, అయినా ఆ కాగితం మీద అలా రాశారు.

అన్నిటికంటే మాకు పనికొచ్చింది ఫ్రాన్స్‌లోనే ఆల్బర్ పిత్ర్ అనే డాక్టర్ 1895లో చెప్పిన సంగతి. రెండు మూడు భాషలు వచ్చినవాళ్లకి మాట పడిపోతే, జబ్బు వచ్చే ముందు ఎక్కువగా వాడిన భాష ముందు తిరిగొస్తుందని ఆయన రాశాడు. రిబో అనే ఇంకొకాయన చిన్నప్పటి భాషే గట్టిగా నిలుస్తుందన్నాడు. అందరి విషయంలో ఏ ఒక్కటీ పూర్తిగా నిజం కాదని తర్వాత తేలింది. అందుకే రోగికి వచ్చిన భాషలన్నిట్లో పరీక్ష చేయాలని మేడమ్ పట్టుబడతారు. నాన్నకి బొడొబజార్‌లో నలభై ఏళ్లు బట్టల కొట్టు. మూడో వారంలో అంకెలు వచ్చాయి, అదీ ఒడియాలో: ఎకొ, దుయి, తిని. తెలుగులో ఒకటి కూడా రాలేదు. "గోవిందా" మాత్రం దీపం పెడుతుంటే దానంతటదే వచ్చింది.

రెండు భాషలు రావడం వల్లే ఇలా అయిందని మా బంధువులు ఒకరు అన్నారు. అది తప్పు. హైదరాబాద్ నిమ్స్‌లో సువర్ణ అల్లాడి గారి బృందం 608 మంది స్ట్రోక్ రోగుల్ని పరిశీలించి 2016లో ప్రచురించింది. జ్ఞాపకం, ఆలోచన మామూలుగా నిలిచినవాళ్లు రెండు భాషల వాళ్లలో 40.5 శాతం, ఒకే భాష వాళ్లలో 19.6 శాతం. అఫేసియా మాత్రం ఇద్దరిలోనూ దాదాపు సమానమే.

సెషన్ ముప్పావు గంట, ఐదొందలు. యాపిల్, జిరాఫీ బొమ్మలు పక్కన పెట్టి మా ఇంట్లోవే ఫోటోలు తెమ్మన్నారు, చెంబు, తాళాల గుత్తి, కొట్లో గజం బద్ద. పాటలాగా సాగదీస్తూ, నాన్న ఎడమ చెయ్యి బల్ల మీద తడుతూ "నీ-ళ్లు-కా-వా-లి" అనిపిస్తారు. బోస్టన్‌లో 1973లో మొదలైన పద్ధతట. మొదట్లో "నీ" దగ్గరే ఆగిపోయేవారు, ఇప్పుడు "నీళ్లు కావా" దాకా వస్తున్నారు.

ఇబ్బందులూ ఉన్నాయి. లిఫ్ట్ లేదు, మెట్లు నిటారుగా ఉంటాయి, పక్షవాతం మనిషిని ఎక్కించడానికి ఇద్దరు కావాలి, దీని గురించి రెండుసార్లు చెప్పినా ఏమీ చేయలేదు. తెలుగు వచ్చిన మేడమ్ మంగళ, శుక్రవారాల్లోనే ఉంటారు, మిగతా రోజుల్లో వెళ్తే ఒడియా ఒక్కటే. రిపోర్ట్ ఇంగ్లీష్‌లో ఇస్తారు గానీ, ఇంట్లో చేయించాల్సినవి అడిగితే తెలుగులో చేత్తో రాసిచ్చారు, ఆ కాగితం మా ఫ్రిజ్ మీద అంటించి ఉంది. మంగళవారం రద్దీ ఎక్కువ, శుక్రవారం పొద్దున తొమ్మిదిన్నరకి వెళ్తే తొందరగా పని అవుతుంది.