‘మెమరీ లీక్ సార్’ అంటూ ర్యామ్ అంటగట్టే డ్యాష్‌బోర్డు పెద్దమనిషితో జాగ్రత్త

బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు దుకాణాలకీ జీడిపప్పు మిల్లులకీ బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ నడుపుతున్న మనోళ్లందరికీ ఈ ముక్క. సర్వర్‌లో ఒక్కో ప్రోగ్రాంని విడిగా నడిపే కంటైనర్ల మీద నిఘా, అదే కంటైనర్ మానిటరింగ్, పెడతానని తిరుగుతున్నాడే, ఆయన పేరు నేను రాయక్కర్లేదు. ఒడియాలో మొదలుపెట్టి, ఎదుటివాళ్లు తెలుగని తెలియగానే "అరే, మనోళ్లే!" అంటాడు చూడండి, ఆయనే. సెటప్‌కి 18 వేలు, ఆపైన నెలనెలా.

"మా సొంత ఏజెంట్" అని అమ్మేది కంటైనర్ల లెక్కలు తీసే సీఅడ్వైజర్, వాటిని దాచే ప్రొమీథియస్, గ్రాఫులు గీసే గ్రఫానా. మూడూ ఉచితంగా దొరికేవే, లోగో ఒక్కటే ఆయనది. దాని గురించి కాదు గొడవ, పెట్టినందుకు కూలి తీసుకోవచ్చు. "30 రోజుల హిస్టరీ" అని విడిగా డబ్బు గుంజడం మాత్రం బాగుంది. ప్రొమీథియస్ మామూలుగా 15 రోజులు దాస్తుంది, రిటెన్షన్ దగ్గర 15ని 30 చేస్తే అయిపోయింది. ఎంత కష్టమో పాపం.

అసలు మోసం మెమరీ గ్రాఫ్ దగ్గర. మా డేటాబేస్ పోస్ట్‌గ్రెస్, దాని కంటైనర్‌కి 2 జీబీ మెమరీ లిమిట్. గ్రాఫ్ 97 శాతం దగ్గర ఎర్రగా నిలబడింది. స్క్రీన్ షేర్ పెట్టి, ఆ ఎర్ర గీత చుట్టూ మౌస్ గుండ్రంగా తిప్పుతూ, "మెమరీ లీక్ సార్. ఇవాళో రేపో పడిపోద్ది. పెద్ద ప్లాన్‌కి మారిపోండి" అన్నాడు. ఆ ప్లాన్ అమ్మేదీ ఆయనే, ఏడాది డబ్బూ ముందే కట్టాలి. కట్టాం. లిమిట్ 4 జీబీ అయింది. ఆ రాత్రి బ్యాకప్ నడిచింది, తెల్లారేసరికి గ్రాఫ్ మళ్లీ 97. "ఇంకో మెట్టు పైది తీసుకోండి సార్"ట!

లీక్ అంటే ప్రోగ్రాం తీసుకున్న మెమరీని తిరిగి వదలకపోవడం. అది లీకూ కాదు, గీకూ కాదు. ఆయన గీసింది ‘కంటైనర్ మెమరీ యూసేజ్ బైట్స్’. అందులో పేజ్ క్యాష్ కూడా కలిసి ఉంటుంది. బ్యాకప్ టేబుళ్లన్నీ చదువుతుంటే కెర్నెల్, అంటే ఆపరేటింగ్ సిస్టమ్ లోపలి ముఖ్య భాగం, ఆ ఫైళ్లను మెమరీలో దాచుకుంటుంది, ఆ లెక్క కంటైనర్ ఖాతాలో పడుతుంది. ఎంత లిమిట్ ఇస్తే అంతా నిండుతుంది. అవసరమైనప్పుడు కెర్నెలే ఖాళీ చేస్తుంది, దానికేం నష్టం లేదు. గీయాల్సింది ‘వర్కింగ్ సెట్ బైట్స్’, అంటే యూసేజ్‌లోంచి ఇనాక్టివ్ ఫైల్ (ఈమధ్య ముట్టుకోని ఫైల్ క్యాష్) తీసేయగా మిగిలింది. అదే సర్వర్‌లో, కంటైనర్లను నడిపే డాకర్‌కి ‘డాకర్ స్టాట్స్’ అని కమాండ్ కొడితే 420 ఎంబీ దాటలేదు. డాకర్ కూడా ఇనాక్టివ్ ఫైల్ తీసేసే చూపిస్తుంది. పోస్ట్‌గ్రెస్ తన పనికి పట్టుకునే షేర్డ్ బఫర్లు మాత్రం నిజంగా వాడుతున్న మెమరీయే, అవి ఈ తీసివేతలో పోవు.

ఇదంతా ఫోన్లో చెప్పి, వర్కింగ్ సెట్ ఎందుకు పెట్టలేదని అడిగితే ఏమన్నాడో వినండి. "అవన్నీ మా ఇంజనీర్లు చూసుకుంటారు సార్, మీరు ముందు గ్రాఫ్ చదవడం నేర్చుకోండి." నవ్వుతూ అన్నాడు. వెనక ఎవరో కూడా నవ్వారు. సరే, పెద్ద ప్లాన్ డబ్బు వెనక్కిమ్మంటే, "ర్యామ్ వాడేశారు కదా సార్, వాడిన సరుకు వాపసు తీసుకోం."

ర్యామ్ ఏమన్నా కిరసనాయిలా, వాడితే అయిపోడానికి!

ఇంకా ఉంది. ఆ తప్పుడు గ్రాఫ్ వల్ల అలర్ట్ రోజూ రాత్రి మోగేది. దానికి ఆయన చేసిన మరమ్మతు, అలర్ట్‌ని మ్యూట్ చేయడం. ఆ మౌనంలోనే బిల్లింగ్ కంటైనర్ పోయింది. 512 ఎంబీ లిమిట్, నెలాఖరు పీడీఎఫ్‌లు తీస్తుంటే కొన్ని సెకన్లలో మెమరీ ఎగబాకింది, కెర్నెల్ చంపేసింది, రీస్టార్ట్ పాలసీ మళ్లీ లేపింది. ప్రొమీథియస్ నిమిషానికొకసారి లెక్క తీసుకుంటోంది, ఆ రెండు లెక్కల మధ్యలో జరిగింది గ్రాఫ్‌కెలా తెలుస్తుంది? డ్యాష్‌బోర్డు పచ్చగా నవ్వుతోంది. డాకర్ ఈవెంట్స్‌లో చూస్తే ఎగ్జిట్ కోడ్ 137, అంటే 128కి, బలవంతంగా చంపే సిగ్నల్ 9 కలిపితే వచ్చేది. కెర్నెల్ లాగ్‌లో "మెమరీ సీగ్రూప్ ఔట్ ఆఫ్ మెమరీ" అనే వరస కూడా ఉంది. డాకర్ ఇన్‌స్పెక్ట్‌లో రీస్టార్ట్ కౌంట్ పెరిగిందేమో చూసుకోండి, డ్యాష్‌బోర్డు చెప్పనిది అది చెబుతుంది.

సీపీయూ సంగతీ అంతే. లిమిట్ 0.5 పెట్టి, 5 నిమిషాల సగటు చూపించి "20 శాతమే సార్, ఫుల్ ఖాళీ" అంటాడు. 0.5 అంటే ప్రతి 100 మిల్లీసెకన్లలో 50 మిల్లీసెకన్ల సీపీయూ సమయం మాత్రమే. నాలుగు థ్రెడ్లు, అంటే ప్రోగ్రాంలో పక్కపక్కనే నడిచే నాలుగు పనులు, ఒకేసారి లేస్తే 12.5 మిల్లీసెకన్లలో కోటా అయిపోతుంది, మిగతా 87.5 అందరూ ఆగి చూడాల్సిందే. కౌంటర్ దగ్గర బిల్లు రాక జనం తిట్టుకునేది అందుకే. సీఎఫ్ఎస్ థ్రాటిల్డ్ పీరియడ్స్‌ని, అంటే కోటా అయిపోయి ఆగిన విడతల్ని, మొత్తం పీరియడ్స్‌తో భాగించిన గ్రాఫ్ లేకపోతే ఇది కనపడదు. ఆయన దగ్గర లేదు.

సీఅడ్వైజర్ 8080 పోర్టు ఊరందరికీ తెరిచి ఉంది, పాస్‌వర్డ్ కూడా లేదు. ఫైర్‌వాల్ యూఎఫ్‌డబ్ల్యూలో మూశాం కదా అనుకోకండి. డాకర్ పబ్లిష్ చేసిన పోర్టు దాన్ని దాటుకుని బయటికి పోతుంది. 127.0.0.1కి, అంటే ఆ సర్వర్ లోపలికి మాత్రమే, కట్టేయండి. గ్రఫానాలో యూజర్ అడ్మిన్, పాస్‌వర్డ్ కూడా అడ్మినే, చెక్కుచెదరకుండా ఉంది.

ఇప్పటికే పెట్టించుకున్నవాళ్లు ఆ మెమరీ ప్యానెల్ ఎడిట్‌లోకి వెళ్లి ఏ మెట్రిక్ ఉందో చూడండి. యూసేజ్ అని ఉంటే ర్యామ్‌కి పైసా కట్టొద్దు. కొత్తగా తీసుకునేవాళ్లు డెమోలోనే ఒక కంటైనర్‌కి చిన్న లిమిట్ పెట్టి, దాన్ని మెమరీ చాలక పడేలా చేయించి, అలర్ట్ ఫోన్‌కి వచ్చాకే డబ్బు మాట ఎత్తండి. ప్రొమీథియస్ కాన్ఫిగ్ ఫైలు, గ్రఫానా అడ్మిన్ పాస్‌వర్డ్ ముందే చేతిలోకి తీసుకోండి, తర్వాత ఆయన ఫోన్ ఎత్తడు.